డబ్బాలో మిగిలిన గింజ

మొన్న సాయంత్రం మా ఆఫీసు కింద బస్టాపు దగ్గర ఒకామె తెల్ల చామంతులు గంపలో పోసుకుని అమ్ముతోంది. అప్పుడే పడిన వాన చినుకులు ఇంకా పూల మీద నిలిచే ఉన్నాయి. బాగున్నాయని ఫోన్ తీసి ఫొటో కొట్టాను. కొట్టాక ఎవరికో ఒకరికి పంపాలి కదా, పంపకపోతే నాకు ఫొటో తీసినట్టే ఉండదు. బాణం గుర్తు నొక్కగానే ఫోన్ నాలుగు మొహాలు నా ముందు పెట్టింది. మా అక్క, ఇద్దరు ఆఫీసు స్నేహితులు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. నీళ్ల ట్యాంకర్ వచ్చిందా అని రోజూ అడుగుతుంటాను కాబట్టి ఆ పెద్దమనిషి నా ఆత్మీయుల్లో చేరిపోయాడు. ఈ నలుగురిలో ఒక్కరికీ చామంతుల మీద ధ్యాస లేదు. నాకు ఎవరు ముఖ్యమో దీనికెవరు చెప్పారని ఒళ్లు మండింది. ఎవరూ చెప్పలేదు, నా వేళ్లే చెప్పాయి. నేను పంపాలనుకున్న మనిషికి అసలు ఫోనే లేదు. ఇదంతా ఆమె గురించే రాద్దామని మొదలుపెడుతున్నాను. ఎవరి దగ్గరికి పోయి తేలుతుందో నాకే తెలియదు.

రెండేళ్ల క్రితం నేను ఒక ఉద్యోగం మానేశాను. మానేశాను అనడం కంటే విసిరికొట్టాను అనాలి. మా మేనేజరు, ఆరు నెలలుగా నేను మోస్తున్న పనికి పెద్దగా వేరే అతన్ని పెట్టాడు. అతను మేనేజరుతో పాటు రోజూ టీకి వెళ్తాడు, ఇద్దరూ ఒకే క్రికెట్ టీమును తిడతారు. అంతకు మించి అతనిలో నాకేమీ కనపడలేదు. అందరి ముందు నిలబడి, "మీరు పక్షపాతం చూపిస్తున్నారు సార్" అన్నాను. ఆయన మొహం పెట్టిన తీరు నాకిప్పటికీ కళ్ల ముందుంది. తెలియని భాషలో ఎవరో దారి అడిగినట్టు చూశాడు. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాను. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ వారమే చేవెళ్ల కంటి దవాఖానలో మా అవ్వకి, అంటే మా బాపు తల్లికి, నాయనమ్మకి, శుక్లం ఆపరేషన్ అయింది. ఖాళీగా ఉన్నావు కాబట్టి పోయి అవ్వ దగ్గర నెల రోజులుండు అన్నాడు బాపు. ఖాళీగా అనే మాట మీద ఆయనతో ఒక పూట గొడవపడి, బ్యాగులో రెండు చార్జర్లు పెట్టుకుని మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ పల్లెకు వెళ్లాను.

అవ్వ ఆ ఊళ్లో కూలి మేస్త్రమ్మ. చామంతి, బంతి పెట్టే రైతులు ముందురోజు ఆమెకు కబురు పెడతారు, తెల్లవారుజామున ఆమె ఆడవాళ్లను తీసుకుని తోటకు పోతుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. పూలు కోయడం అందరికీ ఒకే పనిలా కనిపిస్తుంది గానీ, మొక్కల సాలుకూ సాలుకూ చాలా తేడా. గట్టు పక్క సాలు పొడిగా ఉంటుంది, గంప దగ్గర, తాగే నీళ్ల బిందె దగ్గర. డ్రిప్పు పైపులు ఆగిపోయే చివరి సాళ్లలో బురద, చీమలు, చీర అంచుకు అంటుకునే జిగట మట్టి. ఎవరికి ఏ సాలో చెప్పేది మేస్త్రమ్మ. గంపలు దించగానే ఆమె నోట్లోంచి వచ్చే మొదటి పిలుపు గట్టు సాలుకి. ఆ ఒక్క పిలుపు కోసం ఆడవాళ్లు ఎంత మామూలుగా నిలబడినట్టు నటిస్తారో చూడాలి. ఒకామె జడ ముడి వేసుకుంటుంది, ఇంకొకామె చెప్పులో రాయి దులుపుతుంది, చెవులు మాత్రం అందరివీ అవ్వ వైపే. ఆపరేషన్ అయ్యాక దుమ్ములోకి పోవద్దని డాక్టరమ్మ నల్లద్దాలు పెట్టి పంపింది కాబట్టి, ఆ నెల రోజులు పిలిచే పని నాకొచ్చింది.

నేను చేసిన మొదటి పని ఫోన్లో గ్రూపు పెట్టడం. రేపు ఏ తోట, ఆటో ఎన్నింటికి, అన్నీ అందులోనే. చదవడం రానివాళ్లకు గొంతుతో పెట్టేదాన్ని. అవ్వ సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని రెండు నిమిషాల్లో అయిపోయేది. నేను చాలా తెలివైనదాన్ననుకున్నాను. షేర్ ఆటోలో పది మంది కిక్కిరిసి ఎక్కేవాళ్లు, నేను డ్రైవరు పక్కన ఒక తుంటి మీద కూర్చునేదాన్ని. వాళ్లలో వరసకి అత్తయ్యే ఒకామె ఉండేది. ఆమె నవ్వు మొదలైందంటే ఆటో మొత్తం ఊగేది. ఆమె నంబరు పక్కన ఒక నవ్వే బొమ్మ పెట్టి నవ్వులత్త అని సేవ్ చేసుకున్నాను. మొదటి రోజే నా ఫోన్ చూసి, "ఏం కోడలా, గది చేతికి అతికిచ్చిండ్రా, లేక పుట్టుకతోనే వచ్చిందా?" అంది. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మర్నాటి నుంచి ఆమె నాకు సర్వపిండి తెచ్చేది, అంచు మాడిన ముక్క నాకిష్టమని కనిపెట్టి అదే ఇచ్చేది. సిగ్నల్ గట్టు మీద మాత్రమే వస్తుంది కాబట్టి నేనక్కడే నిలబడేదాన్ని. నాతో మాట్లాడుతూ కోయడానికి వీలుగా ఆమె గట్టు సాలులోనే ఉండేది. అది నేను ఇచ్చిన సాలు అన్న సంగతి అప్పట్లో నాకు తట్టనే లేదు.

ఇక అవ్వ అలవాటు గురించి చెప్పాలి. మా వాళ్లు తాతల కాలం నుంచి చర్చి మనుషులు. దీపాలు పెట్టే వేళ అవ్వ అరుగు మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటుంది, అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒడిలో ఒక పాత తంబాకు డబ్బా ఉండేదన్నది మాత్రం ఆ నెలలోనే చూశాను. చనిపోయిన తాతది. కడిగి ఎన్నేళ్లయినా మూత తీస్తే తాత వాసనే. ప్రార్థనకు తంబాకు డబ్బా ఏంటని వేళాకోళం చేస్తే, ఇందులో దేవునికి దాచేదేమున్నదే అంది. అందులో చింతగింజలున్నాయి, తన ముఠాలో మనిషికొకటి. కుడి పక్కన కుప్ప పోసి కళ్లు మూసుకుంటుంది. ఎవరి మొహం దానంతటది వస్తే వాళ్ల పేరు మెల్లగా అని ఒక గింజ ఎడమకి జరుపుతుంది. కొన్ని గబగబా జరుగుతాయి. తర్వాత చెయ్యి ఆగుతుంది. రాని మొహాన్ని లాక్కుని రావాలి. ఆఖరి గింజ దగ్గర చాలాసేపు కూర్చుంటుంది. ఆ మనిషి ఇవాళ ఏం కట్టుకుంది, ఏం తిన్నది, ఏం మాట అన్నది, ఒక్కటైనా గుర్తుకు రావాలి. వస్తే ఆమేన్. రాకపోతే మర్నాడు సద్ది తినేటప్పుడు పోయి ఆమె పక్కన కూర్చోవాలి, గట్టు సాలు ఆమెతోనే మొదలుపెట్టాలి.

ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగాను. ఎవరూ నేర్పలేదట. "దేవుని ముంగట నిలబడి గూడ నాకు నచ్చినోళ్ల పేర్లే ముందుగాల చెప్తున్ననని ఒకనాడు తెలిసింది బిడ్డా. సిగ్గయింది. ఆయనకు తెల్వదా ఎవరు ఆఖరుకు వస్తున్నరో?" అంది. మంచి మాటే అనుకున్నాను. పక్షపాతం అనేది మేనేజర్లు చేసే పని, నాకు దానితో ఏం సంబంధం? అయినా ముఠాను నడిపేది నేనే కాబట్టి, ఆ నెల గింజలు కూడా నేనే జరపాలని అవ్వ పట్టుబట్టింది. రోజూ దీపాల వేళ డబ్బాలోంచి పది గింజలు తీసేదాన్ని. కళ్లు మూసుకోగానే నవ్వులత్త, తర్వాత ఆమె పక్కనుండే ఇద్దరు, ఇలా చకచకా పదీ ఎడమ పక్కకు పోయేవి. మధ్యలో ఫోన్ మోగితే ఒక కన్ను తెరిచేదాన్ని. నాకు అవ్వ కంటే తొందరగా అయిపోతోందని గర్వంగా కూడా ఉండేది.

మూడో వారంలో జన్వాడ దగ్గరి ఒక ఫామ్‌హౌస్ నుంచి అవ్వకు ఫోనొచ్చింది. గడ్డి, పూల మడులు చూసుకోవడానికి ఒక ఆడమనిషి కావాలి, ఏడాది పొడుగునా పని, నెల జీతం. వంగి కోసే పని కాదు, నిలబడి పైపుతో నీళ్లు పట్టడం, ఎండుటాకులు ఏరడం. అలాంటి పని ఆ ఊళ్లో ఎవరికైనా బంగారమే. నువ్వే చూసి చెప్పు అంది అవ్వ. గ్రూపులో పెట్టాను, ముగ్గురు నేను నేను అన్నారు. ముగ్గురిలో నవ్వులత్త చెయ్యే చురుకు. నిజంగానే పనిమంతురాలు, అందులో అబద్ధం లేదు. ఆ మధ్యాహ్నమే ఫామ్‌హౌస్ చూసుకునే ఆయనకు చెప్పేశాను, రెండు రోజుల్లో వచ్చి చేరమన్నాడు. నవ్వులత్త నా రెండు బుగ్గలూ పిండేసింది. ఆ సాయంత్రం నేను పది గింజలూ మామూలు కంటే తొందరగా జరిపి, లేచి చార్జర్ కోసం లోపలికి పోబోయాను. రోజూ నేనే తిరిగి పోసే గింజలను ఆ పూట తాను పోద్దామని అవ్వ డబ్బా చేతిలోకి తీసుకుని, అలవాటుగా చెవి దగ్గర ఆడించింది. లోపల టిక్కుటిక్కుమంది.

"ఇండ్ల ఇంకొకటి ఉన్నది" అంది.

పదే కదా అన్నాను. ఆటోలో వచ్చేది పది మందే, గ్రూపులో ఉన్నది పది మందే, వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. అవ్వ డబ్బా బోర్లించింది. పదకొండో గింజ అరుగు మీద దొర్లి గడప దగ్గర ఆగింది. ఎవరిదే ఇది అని అడిగింది. నాకు నిజంగా తెలియలేదు. అరుగు మీద కూర్చుని తోటను మనసులో సాలు సాలుగా నడిచి చూశాను. చివరి సాలు దాకా పోతే అక్కడ వంగి ఒక వీపు కనపడింది. మొహం కాదు, వీపు. ఆమెను అందరూ ఆలూరు పెద్దమ్మ అంటారు. పుట్టిల్లు ఆలూరు, మాకు వరసకి పెద్దమ్మ అవుతుంది. ఊరికి ఆ చివరనుంటుంది, ఆటో ఎక్కదు, చేలకు అడ్డం పడి నడిచొస్తుంది. ఫోన్ లేదు కాబట్టి రోజూ సాయంత్రం పక్కింటామెను అడిగి ఎక్కడ పనో తెలుసుకునేదట. నేను ఆటో దిగి పిలుపులు పూర్తి చేసేసరికి ఆమె వచ్చి, మిగిలిన సాలులో దిగేది. మిగిలేది ఎప్పుడూ చివరి సాలే. మూడు వారాలు నేను ఆమెను ఒక్కసారి కూడా పిలవలేదు. ఆమెకు మోకాళ్లు వాచి రెండేళ్లయిందని, గుడ్డ పట్టీలు కట్టుకుని వంగుతుందని, నిలబడి చేసే పని ఎక్కడైనా ఉంటే చెప్పమని చర్చి దగ్గర ఒకరిద్దరిని అడిగిందని అవ్వ అప్పుడు చెప్పింది.

నా కోపం ఎప్పుడూ ఎదురుగా ఉన్నవాళ్ల మీద పడుతుంది. మరి జన్వాడ ఫోనొచ్చినప్పుడు నువ్వెందుకు చెప్పలేదని అవ్వ మీద అరిచాను. నాకు బుద్ధి చెప్పడానికి ఆమె మోకాళ్లు కావాల్సి వచ్చాయా అని కూడా అన్నాను. అవ్వ నల్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "బుద్ధి చెప్పుడు కాదే. నాకు గూడ యాదికి రాలే. ఈ ఇరవై దినాలు అందరు పండ్లు పట్టుకొని నన్ను చూసిపోయిండ్రు, ఆమె రాలే. కనపడ్డోళ్లే మనసుల ఉన్నరు. ముప్పై ఏండ్ల సంది గింజలు జరుపుతున్న, నా చెయ్యి ఇంక గట్లనే ఉన్నది" అంది. నేను అవ్వ నోటి నుంచి ఏదో దారి వస్తుందని చూశాను. ఇప్పుడేం చేయాలి అని అడిగితే, నాకు తెల్వదు బిడ్డా అంది. ముసలివాళ్లకు అన్నీ తెలుస్తాయనుకునేదాన్ని. ఆ మాటతో అరుగు మీద ఇద్దరం ఒకే వయసువాళ్లలాగా కూర్చున్నాం.

మర్నాడు సద్ది వేళ టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి ఆలూరు పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె తన మూట కొంచెం జరిపి చోటిచ్చింది. జొన్నరొట్టె, ఎర్రకారం, ఒక ఉల్లిగడ్డ. మోచేతి దాకా పూల పసుపు. జరిగినదంతా చెప్పాను. ఉల్లిగడ్డ పొర తీస్తూ విన్నది.

"తెలుసు బిడ్డా, నిన్ననే చెప్పిండ్రు" అంది.

"మరి నన్ను అడగకపోతివి పెద్దమ్మా?"

"ఎవల్ని అడగాలె? ఫోన్ల పెట్టినవంట గదా."

మాటలో పుల్లవిరుపు కూడా లేదు, ఉంటే బాగుండేది, నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఇప్పుడైనా మాట మారుస్తాను, నువ్వే పో అన్నాను. ఆమె ఉల్లిగడ్డ సగం విరిచి నా డబ్బాలో పెట్టింది. "నన్ను మర్చినవని కోపం లేదు. పిలిచెటోళ్లకు పది మంది, ఒకరు జారతరు. ఎన్నడు కూసోనిదానివి ఇయ్యాల వచ్చి పక్కన కూసున్నవు సూడు, గదే జర బరువున్నది. అందరు ఇటే చూస్తున్నరు. తిను" అంది. నేను తల ఎత్తాను. నిజంగానే అందరూ ఇటే చూస్తున్నారు.

సాయంత్రం నవ్వులత్త ఇంటికి పోయాను. జన్వాడకు కట్టుకుపోదామని చీర తీసి మంచం మీద పరిచి ఉంది. ఆలూరు పెద్దమ్మ సంగతి చెప్పాను, ఆమెకు ముందే తెలిసి ఉంటే ఆమే అడిగేదని, నేను లెక్కలోకే తీసుకోలేదని. ఆ నెలలో మొదటిసారి ఆమె నవ్వలేదు. నవ్వు లేకపోతే ఆమె మొహం నాకు కొత్త మనిషిదిలా అనిపించింది.

"నాకొక్క మాట చెప్పు కోడలా. నన్ను పంపింది పని మంచిగ చేస్తననా, నిన్ను నవ్విస్తననా?"

రెండూ అన్నాను. అంతకంటే నిజం నాకు దొరకలేదు. ఆమె చీర మళ్లీ మడత పెట్టడం మొదలుపెట్టి, "సర్వపిండి మీద అనుమానం పెట్టినవు పో. ఇగ నేను పనిమంతురాలినో కాదో నాకే తెల్వకుంట చేసినవు" అంది. మర్నాడు పొద్దున్నే ఆమే ఆలూరు పెద్దమ్మ ఇంటికి పోయి, నువ్వే పో అక్కా అని చెప్పిందట. పెద్దమ్మ వద్దన్నదట. వాళ్లిద్దరూ ఏమేం మాట్లాడుకున్నారో నాకు ఇద్దరూ చెప్పలేదు. నవ్వులత్తే జన్వాడ పోయింది. పోయే రోజు ఆటోలో ఆమె చోటు ఖాళీగా ఉంటే, ఎవరూ అందులోకి జరగకుండా తొమ్మిది మందీ ఇరుక్కునే కూర్చున్నారు.

మిగిలిన రోజుల్లో నేను చేయగలిగింది చేశాను. గట్టు సాలు రోజూ ఆలూరు పెద్దమ్మకే ఇచ్చాను. రైతుతో పోట్లాడి, ఆమెకు పూలు కుప్ప పోసి వాడినవి ఏరే పని ఇప్పించాను, అది కూర్చుని చేసేది. నాలుగో రోజుకి గుసగుసలు మొదలయ్యాయి. మేస్త్రమ్మ మనుమరాలికి కొత్త చుట్టం దొరికిందని ఎవరో గట్టిగానే అన్నారు. ఎవరన్నారు అని మీదికి పోయాను. ఎవరి సాలులోకి వాళ్లు వంగారు. పోనీ వాళ్లన్నది తప్పా అని ఆలోచిస్తే అదీ చెప్పలేకపోయాను. ఆమె మోకాళ్ల కోసం ఇస్తున్నానో, నా సిగ్గు కోసం ఇస్తున్నానో. సాయంత్రం డబ్బాలోని గింజలన్నీ పోసుకుని కళ్లు మూసుకుంటే మొదటే ఆలూరు పెద్దమ్మ వచ్చి కూర్చునేది, ఎంత పక్కకు జరిపినా. ఆ రోజుల్లోనే మా మేనేజరు మొహం కూడా మధ్యలో వచ్చింది, గింజ లేకుండా. తెలియని భాషలో దారి అడిగినట్టున్న ఆ చూపు. గడప దగ్గర దొర్లిన గింజను చూసి నేను పెట్టిన మొహం అదే అయ్యుంటుంది. క్షమించమని ఒక మెసేజ్ టైపు చేశాను. కానీ ఆయన చేసింది పక్షపాతమే కదా, తెలియక చేస్తే మాత్రం కాకుండా పోతుందా? చెరిపేశాను. మళ్లీ టైపు చేశాను. అది ఇప్పటికీ పంపకుండా అలాగే ఉంది.

నెల తిరిగాక సిటీకి వచ్చేశాను, ఇంకో ఉద్యోగం దొరికింది. అవ్వ కళ్లద్దాలు తీసేసి మళ్లీ తోటకు పోతోంది, డబ్బా ఒడిలోనే ఉంది. ఆలూరు పెద్దమ్మ ఇంకా పూలు ఏరుతోంది, ఊరికి పోయినప్పుడల్లా ఆమెను కలవకుండా రాను. మొన్న ఆ చామంతులు చూడగానే గుర్తొచ్చింది కూడా ఆమే. ఆమెకు ఫోన్ లేదు కాబట్టి పక్కింటామె నంబరుకి పంపుదామని, ఆ నలుగురి మొహాలు దాటి కిందికి జరుపుతూ పోయాను. ఆఫీసు గ్రూపులు, పాత డాక్టరు, కరెంటు మనిషి, ఇంకా కిందికి. చాలా కింద ఒక నవ్వే బొమ్మ కనపడింది. పక్కన వినని మెసేజ్ ఉందని చుక్క. ఏడు నెలల కిందటిది.

బస్టాపులోనే నిలబడి చెవి దగ్గర పెట్టుకున్నాను. "కోడలా, ఏం లేదు, ఊకెనే చేసిన. ఈడ తెల్ల చామంతి పెట్టిన, మంచిగ పూసింది. చూపిద్దామంటే ఎవరు లేరు. సార్లు నెలకొకపారి వస్తరు. నవ్వితె గోడలే ఇంటయి ఈడ. ఆలూరక్కకైతే సరిపోతుండె ఈ జాగ, ఆమెకు మాట అక్కెర లేదు గదా. సరే తియ్యి, పనిల ఉంటవు." చివర్లో ఆ నవ్వు మొదలవబోయి, మెసేజ్ అయిపోయింది.

నా బస్సు వచ్చి పోయింది. గంపామె పూలు కావాలా అని రెండుసార్లు అడిగింది. ఫోన్ చేయనా, ఇన్నాళ్లకు చేస్తే ఆమెకు కూడా బరువవుతుందా, చామంతుల ఫొటో పంపితే సరిపోతుందా, ఏదీ తేల్చుకోలేక చుట్టూ మనుషులు పోతుంటే ఇంకోసారి విన్నాను. అది ఇరవై మూడు సెకన్ల మెసేజ్. ఏడు నెలలుగా నా చేతిలోనే ఉంది.